ఊరెళ్తున్నారా? ఇల్లెవరు చూస్తారు?

జనవరి రెండో వారంలో ఖరగ్‌పూర్ స్టేషన్‌కి వెళ్తే, దక్షిణానికి పోయే బండి దగ్గర వినిపించేదంతా తెలుగే. ఈస్ట్ కోస్ట్ కానీ, ఫలక్‌నుమా కానీ, చెన్నై మెయిల్ కానీ, ఏదొచ్చినా జనరల్ బోగీ గుమ్మం దాకా మనవాళ్ళే. పలాసలో దిగేవాళ్ళు, శ్రీకాకుళం రోడ్డులో దిగేవాళ్ళు, విజయనగరం దాకా పోయేవాళ్ళు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరు మోసిన 1,072 మీటర్ల ప్లాట్‌ఫాం కూడా ఆ నాలుగు రోజులూ ఇరుకే.

బండి కదిలాక ట్రాఫిక్‌లోకి వెళ్ళి చూడండి. ఇది వాహనాలు ఆగిపోయే ట్రాఫిక్ కాదు, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఒక పేట. మథురాకాటి, నింపురా, న్యూ సెటిల్‌మెంట్ లాగే ఇక్కడా తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. ముత్తాతలు బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికోసం శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చారు. ముని మనవలు ఇప్పుడు బెంగాలీ, హిందీ, తెలుగు కలగలిపి మాట్లాడుకుంటారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుందంటే, దాని వెనక ఈ ఊరి తెలుగువాళ్ళ ఏళ్ళనాటి పోరు ఉంది. ఎంత బెంగాలీ నేర్చినా సంక్రాంతికి మాత్రం ఊరెళ్ళాల్సిందే. వెళ్ళేటప్పుడు తలుపుకి తాళం, తాళాన్ని రెండుసార్లు లాగి చూసే అలవాటు, పక్కింటి గుమ్మం దగ్గర ఒక మాట.

“అప్పా, పండక్కెల్తన్నాం. ఇల్లు కూసింత సూస్తుండండి.”

ఇంటి కాపలాకి సంబంధించి ఆ మాట విలువ ఎంతో, తాళం విలువ ఎంతో లెక్క వేయడానికే ఈ కథనం. నా లెక్కలో మాటే ఎక్కువ తూగుతుంది. అలాగని తాళం సంగతి వదిలేయనక్కర్లేదు.

ముగ్గు చెప్పే కబురు

దొంగకి కావలసిన మొదటి సమాచారం ఇంట్లో ఎంత బంగారం ఉందన్నది కాదు, ఇంట్లో మనిషి ఉన్నాడా లేడా అన్నది. అమెరికాలోని టెక్సస్‌లో పాల్ క్రామ్‌వెల్ అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ ఇళ్ళలో దొంగతనాలు చేస్తున్నవాళ్ళనే 30 మందిని పట్టుకుని, మీరు ఇల్లు ఎలా ఎంచుకుంటారని అడిగి 1991లో పుస్తకం వేశారు. వాళ్ళలో చాలామంది మాట ఒకటే: మనిషి ఉన్న ఇంటి జోలికి పోం. బెల్లు కొట్టి చూస్తారు, తలుపు తడతారు, ఎవరైనా వస్తే ఏదో పేరు చెప్పి ఫలానావాళ్ళిల్లు ఇదేనా అని అడిగి తప్పుకుంటారు.

మన దగ్గర అంత శ్రమ కూడా అక్కర్లేదు. నెలగంట పెట్టిన రోజు నుంచీ తెలుగు వాకిళ్ళలో రోజూ ముగ్గు పడుతుంది. వీధిలో ఏ ఇల్లు తెలుగువాళ్ళదో ముగ్గే చెప్పేస్తుంది. ధనుర్మాసంలో అందరి వాకిళ్ళలో గొబ్బెమ్మలుండి ఒక్క వాకిలి మాత్రం రెండు రోజులుగా బోసిగా ఉందంటే, ఆ ఇంటివాళ్ళు బండెక్కేశారని ఎవరైనా చెప్పగలరు. గుమ్మంలో పడున్న పేపర్లు, గేటుకి వేలాడే పాల ప్యాకెట్ సంచి, దండెం మీద మూడు రోజులుగా ఎండుతున్న ఒకే తువ్వాలు, మిట్టమధ్యాహ్నం కూడా వెలుగుతున్న వరండా లైటు... అన్నీ అదే చాడీ చెబుతాయి. ఇంట్లో మనుషులున్నారనిపించాలని రాత్రీ పగలూ లైటు వేసి వెళ్ళేవాళ్ళున్నారు. పగటిపూట లైటు ఆర్పేవాళ్ళు లేరని కదా దానర్థం! సాయంత్రం వెలిగి పదింటికి ఆరేలా టైమర్ ప్లగ్గు పెట్టుకోవచ్చు. అంతకన్నా మంచి పని, పక్కింటి ఆడపడుచుని మీ వాకిట్లోనూ నాలుగు చుక్కలు పెట్టమనడం.

వీటికి తోడు ఈమధ్య కొత్తగా వచ్చింది వాట్సాప్ స్టేటస్. బోగీలో కూర్చోగానే ‘గోయింగ్ టు నేటివ్’ అని కుటుంబమంతా కలిసి దిగిన ఫొటో పెట్టేస్తాం. ఆ నంబరు ఎవరెవరి ఫోన్లో ఉందో మనకే తెలీదు. గ్యాస్ డెలివరీ, కేబుల్, పాత ఫ్రిజ్ కొన్నవాడు, చిట్టీలవాడు. వీళ్ళంతా దొంగలని కాదు. కబురు మాత్రం వీళ్ళ దాకా ఎందుకు? ఫొటోలు తిరిగొచ్చాక పెట్టుకున్నా లైకులు అన్నే వస్తాయి.

గొళ్ళెం లాగితే వచ్చేస్తే...

తాళాల గురించి మనకో భ్రమ ఉంది. ఎంత పెద్ద తాళమైతే అంత రక్ష అనుకుంటాం. అర్దేశిర్ గోద్రెజ్ బొంబాయిలో తాళాల వ్యాపారం మొదలుపెట్టింది 1897లో. ఖరగ్‌పూర్ జంక్షన్‌కి పట్టాలు పడుతున్న రోజులూ అవే. అప్పటినుంచీ తాళం మెరుగవుతూనే వచ్చింది. అది తగిలించే గొళ్ళెం మాత్రం అక్కడే ఉండిపోయింది.

పాత క్వార్టర్ తలుపొకటి దగ్గరగా చూడండి. ఎన్నోసార్లు రంగు మీద రంగు పడిన చెక్క. వానాకాలం ఉబ్బి, వేసవిలో ఎండి, అంచులు విచ్చుకుని ఉంటుంది. దానికి గొళ్ళెంగా ఆల్‌డ్రాప్. ఆల్‌డ్రాప్‌ని పట్టుకున్నవి ముప్పాతిక అంగుళం స్క్రూలు. వాటిలో ఒకటి ఎప్పుడో ఊడిపోయింది, ఇంకోదాని చుట్టూ చెక్క పుచ్చింది. దానికి మనం వెయ్యికి దగ్గర పడే ఏడు లీవర్ల తాళం వేసి నిశ్చింతగా బండెక్కుతాం. దొంగ ఆ తాళాన్ని ముట్టుకోడు. ఇనుప రాడ్డు గొళ్ళెం కిందకి దూర్చి ఒక్క ఎత్తు ఎత్తితే స్క్రూలతో సహా ఊడొస్తుంది. తాళం మాత్రం చెక్కు చెదరకుండా నేల మీద పడి ఉంటుంది.

మందు ఖరీదైంది కాదు. స్క్రూలు తీసేసి, తలుపుకి ఆరపార రంధ్రం వేసి, బోల్టు బిగించి, నట్టు లోపలివైపు పడేలా చేయాలి. వెనక ఒక ఇనుప పలక పెడితే మరీ మంచిది. వర్క్‌షాపులో పనిచేసిన ఏ ఫిట్టర్నడిగినా అరగంటలో చేసిపెడతాడు. ఊరి నిండా ఫిట్టర్లున్న చోట తలుపులు ముప్పాతిక అంగుళం స్క్రూల మీద వేలాడటం కాస్త సిగ్గుచేటే.

బయటికి కనిపించే కప్పతాళం ఇంకో పొరపాటు. ఇంట్లో ఎవరూ లేరని వీధికంతా చాటే బోర్డది. తలుపులోనే అమరే తాళమైతే ఇంట్లో ఉన్నా లేకున్నా బయటినుంచి ఒకేలా కనిపిస్తుంది. అది కుదరకపోతే ముందు తలుపు లోపల గడియ వేసి, వెనక తలుపు నుంచి బయటికొచ్చి అక్కడ తాళం వేసేవాళ్ళున్నారు. ఉపాయం బాగానే ఉంది కానీ వెనక తలుపు గట్టిదైతేనే. చాలా పాత క్వార్టర్లలో వెనక పెరడు, చిన్న గోడ, గోడవతల మనుషులు తిరగని సందు. ముందు తలుపు పగలగొట్టాలంటే వీధి చూస్తుంది, వెనక తలుపుకి ఆ బెడద లేదు. మనం మంచి తాళం ముందు తలుపుకి వేసి, నాసిరకందాన్ని వెనక్కి పంపిస్తాం. తిరగెయ్యాలి. క్వార్టర్‌లో మన ఇష్టానికి గోడలు లేపే వీల్లేదు నిజమే. తలుపు పుచ్చిందని, కిటికీ ఊచ వదులైందని మరమ్మతులు చూసే ఐఓడబ్ల్యూ ఆఫీసు రిజిస్టర్లో ఫిర్యాదు రాయించే హక్కుంది. రాయించిన రోజునే పని జరిగిపోతుందని నేను చెప్పను. రాయించకపోతే ఎప్పటికీ జరగదు.

తాళంచెవి పూలకుండీ కింద, మీటరు పెట్టె మీద, చెప్పుల స్టాండు వెనక పెట్టేవాళ్ళకి ఒక్క మాట: ఆ మూడు చోట్లూ అందరికీ తెలుసు.

దొంగ తెలివిని తక్కువ చేయడం మనకి కొత్త. పాతవాళ్ళు అలా చేయలేదు. శూద్రకుడి ‘మృచ్ఛకటికం’ మూడో అంకంలో శర్విలకుడనే దొంగ చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తాడు. గోడ ఎక్కడ నాని మెత్తబడిందో వెతుకుతాడు. కొలతాడు మరిచిపోయి జంధ్యంతో కొలుస్తాడు. లోపల ఎవరైనా మేలుకుని ఉన్నారేమో తేల్చుకోవడానికి ముందు ఒక బొమ్మ మనిషిని కన్నంలోంచి దూరుస్తాడు. గోడలో బలహీనమైన చోటు, లోపల మనిషి అలికిడి. పదిహేను వందల ఏళ్ళ పైబడిన నాటకంలోని దొంగ చూసుకున్నవీ, టెక్సస్ దొంగ చూసుకున్నవీ అవే రెండు.

వీధికి కళ్ళున్న రోజులు

ఇక మాట సంగతి. రైల్వే పేటలకి ఒకప్పుడు జీతం లేని కాపలా ఉండేది. దాని పేరు డ్యూటీ. ఆరింటి నుంచి రెండింటికి ఒక షిఫ్టు, రెండు నుంచి పది, పది నుంచి మళ్ళీ ఆరు. ఏ వేళలో చూసినా వీధిలో ఎవరో ఒకరు పనిలోకి వెళ్తూనో, పనినుంచి వస్తూనో ఉండేవారు. దానికి తోడు కాల్‌మేన్. బండి నడిపే డ్రైవర్లకీ గార్డులకీ డ్యూటీ పడితే అర్ధరాత్రయినా సైకిలు మీద వచ్చి, తలుపు తట్టి, కాల్ బుక్‌లో సంతకం పెట్టించుకుని వెళ్ళేవాడు. ఏ ఇంట్లో మగదిక్కు డ్యూటీకి పోయిందో, ఎవరు ఊళ్ళో లేరో అతనికి తెలుసు, వీధికీ తెలుసు. ఆ వేళలో కొత్త మనిషి కనబడితే ఎవరింటికని అడిగే గొంతు ఒకటి ఉండేది.

ఇప్పుడు కాల్ ఫోన్లో వస్తుంది. మనుషులు తగ్గారు. రిటైరైనవాళ్ళు మలంచా, ఇందా వైపు సొంతిళ్ళు కట్టుకుని వెళ్ళిపోయారు. క్వార్టర్ల వరసల మధ్య పైకప్పు కూలినవి, గోడ మీద ‘అబాండన్డ్’ అని రాసినవి, తలుపులూ కిటికీలూ ఎవరో పట్టుకుపోయినవి. పక్క ఇల్లు పాడుబడిందంటే దొంగకి రెండు లాభాలు. చూసే కళ్ళు పోతాయి, దాక్కునే చోటు దొరుకుతుంది. ఈ ఊరి పేరు చెప్పగానే బయటివాళ్ళకి పత్రికల్లో వచ్చిన స్క్రాప్ ముఠాల తగాదాలే గుర్తొస్తాయి. తాళం వేసిన క్వార్టర్ భయం వేరు. దానికి ముఠాలక్కర్లేదు, ఖాళీ వీధి చాలు.

అయితే ఈ ఊరికి ఇంకెక్కడా సులభంగా దొరకని ఒక వసతి ఉంది. మనం సంక్రాంతికి వెళ్తాం. బెంగాలీ కుటుంబాలు పౌష సంక్రాంతికి ఇంట్లోనే పిండివంటలు చేసుకుంటూ ఉంటాయి. దుర్గాపూజ సెలవుల్లో పూరీకో దీఘాకో వాళ్ళు బయల్దేరితే మనం ఇక్కడే ఉంటాం. బీహారువాళ్ళు ఛట్ పండక్కి పోతారు, అప్పుడు మిగతా ఇద్దరూ ఉంటారు. వేర్వేరు భాషలవాళ్ళు కలిసున్న వీధి ఒకేసారి ఖాళీ అవదు. ఒకే ఊరివాళ్ళు వరసగా ఉన్న సందు మాత్రం పండక్కి మొత్తం తాళాలతో నిండిపోతుంది. ‘ఇల్లు చూడండి’ అన్న మాట అప్పకి చెప్తే, ఆ అప్ప కూడా మర్నాడు అదే బండెక్కుతుంది! ఎదురింటి బెంగాలీ వదినకి, అదే బౌదికి, చెప్పాలి. పూజ సెలవులకి ఆమె ఇల్లు మనం చూడాలి.

ఇది నా ఊహ మాత్రమే కాదు. ఇంగ్లండులో రాచ్‌డేల్ దగ్గర కిర్క్‌హోల్ట్ అని ఒక కాలనీ ఉంది. మన క్వార్టర్ల లాంటిదే, అక్కడి మున్సిపాలిటీ కట్టి అద్దెకిచ్చిన రెండు వేల పైచిలుకు ఇళ్ళు. 1980ల నడుమ అక్కడ దొంగతనాలు విపరీతం. కెన్ పీజ్ అనే ఆచార్యుడూ ఆయన బృందమూ తరచి చూస్తే, ఒకసారి దొంగలు పడ్డ ఇంట్లోనే మళ్ళీ పడుతున్నారని తేలింది. దారి తెలిసింది, లోపలేముందో తెలిసింది, తలుపు ఇంకా సరిగ్గా బాగుచేయలేదు. అందుకని దొంగలు పడిన ప్రతి ఇంటి చుట్టూ ఉన్న ఐదారు ఇళ్ళవాళ్ళని కూర్చోబెట్టి, ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉండమన్నారు. నాణేలు వేసే గ్యాస్, కరెంటు మీటర్లలోని చిల్లర కోసమే దొంగలొస్తున్నారని గమనించి ఆ మీటర్లు తీయించారు. తలుపులు గట్టి చేశారు. మూడేళ్ళలో దొంగతనాలు దాదాపు 75 శాతం తగ్గాయి. కాలనీ అంతటికీ కాపలా పెట్టలేదు, గట్టి తలుపులకి ఐదారు ఇళ్ళవాళ్ళ కళ్ళు తోడయ్యాయి. మీ వీధిలో ఎవరింట్లోనైనా దొంగలు పడితే ‘పాపం’ అని ఊరుకోకండి. తర్వాతి నెల ఆ ఇంటినీ దాని పక్కిళ్ళనీ ఇంకాస్త గట్టిగా చూడాలి.

కెమెరాలు పెట్టుకునేవాళ్ళు పెట్టుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులే ఎల్‌హెచ్‌ఎంఎస్ పేరుతో, ఊరెళ్తున్నామని యాప్‌లో చెప్పినవాళ్ళ ఇంట్లో కెమెరా అమర్చి, లోపల కదలిక కనబడితే కంట్రోల్ రూంకి కబురు వెళ్ళే ఏర్పాటు చేశారు. ఖరగ్‌పూర్‌లో మీరే వైఫై కెమెరా కొని పెట్టుకున్నారనుకోండి. పలాసలో అత్తారింట్లో అరిసెలు తింటుండగా ఫోన్లో దొంగ కనిపిస్తాడు. తర్వాత? అక్కడికి వెళ్ళేదెవరు? కెమెరాతో పాటు ఇద్దరు ఇరుగుపొరుగు నంబర్లూ, టౌన్ థానా నంబరూ, 112 ఉంటేనే ఆ బొమ్మకి విలువ.

కొత్త మొహం నేరం కాదు

ఇరుగుపొరుగు కళ్ళని ఇంత పొగిడాక, ఆ కళ్ళు చేసే పాపం కూడా చెప్పకపోతే సగం కథే అవుతుంది. దొంగతనం జరగగానే వీధి ముందు వెతికేది ఎవరిని అనుమానించాలా అని. మేదినీపూర్ జిల్లాలో తరతరాలుగా ఆ అనుమానపు వేలు లోధా తెగవాళ్ళ వైపే చూపించింది. 1871 నాటి చట్టంతో బ్రిటిష్ ప్రభుత్వం కొన్ని తెగల మీద పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేయడం మొదలుపెట్టింది. లోధాలకీ ఆ ముద్ర పడింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం మనకి తెలిసిందే, అక్కడ ఎరుకలవాళ్ళని అదే కోవ చట్టం కింద తెచ్చి పెట్టారు. 1952లో ముద్ర చెరిపారు, చట్టం పోయింది. నాలుకల మీద పోలేదు.

లోధా శబరుల్లో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల చునీ కోటాల్. విద్యాసాగర్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం ఎమ్మెస్సీలో చేరి, తన పుట్టుకని ఎత్తిచూపి అవమానిస్తున్నారని ఫిర్యాదు మీద ఫిర్యాదు చేసింది. 1992 ఆగస్టు 16న ఈ ఖరగ్‌పూర్‌లోనే ప్రాణం తీసుకుంది. ఆమెకి అప్పుడు 27 ఏళ్ళు. ఆమె చావు మీద బెంగాల్ అంతా కదిలింది. రచయిత్రి మహాశ్వేతాదేవి కలం పట్టింది. ‘వాళ్ళంతా దొంగలు’ అని అరుగు మీద కూర్చుని తేలిగ్గా అనేసే మాట ఎంతదూరం పోతుందో తెలుసుకోవడానికి మన ఊరు దాటి వెళ్ళనక్కర్లేదు.

అనుమానం వస్తే థానాకి ఫోన్ చేయండి. ఎవరింటికి వచ్చావని మర్యాదగా అడగండి. స్తంభానికి కట్టి కొట్టడం కాపలా కాదు, అదే ఒక నేరం. ఇంట్లోకి అర్ధరాత్రి చొరబడినవాడి నుంచి ప్రాణం కాపాడుకునే హక్కు చట్టం ఇచ్చింది. పట్టుబడి చేతులు కట్టేసి ఉన్నవాడిని చితకబాదే హక్కు ఎవరికీ ఇవ్వలేదు.

బంగారం, బీమా, థానా

మనవాళ్ళ దొంగభయమంతా చివరికి బీరువా దగ్గర తేలుతుంది. బీరువా గట్టిదే. దాని తాళంచెవి బీరువా పైనో, చీరల మడతలోనో, దేవుడి పటం వెనకో ఉంటుంది. ఊరెళ్ళేటప్పుడు కాసులపేరు, గాజులు ఇంట్లో పెట్టి వెళ్ళకండి. బ్యాంకు లాకరే మేలు. లాకర్ మీద కూడా గుడ్డి నమ్మకం వద్దు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం, లాకర్లో దొంగతనమో అగ్నిప్రమాదమో జరిగి బ్యాంకుది బాధ్యత అని తేలితే, ఏడాది అద్దెకి 100 రెట్ల వరకే పరిహారం. అద్దె 2,000 రూపాయలైతే 2 లక్షలు. ఇవాళ్టి బంగారం ధరకి అది ఎన్ని తులాలో మీరే చూసుకోండి.

ఇంటి బీమా ఉంది కదా అనుకునేవాళ్ళు కాగితం తీసి చదవాలి. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ అమ్ముతున్న ‘భారత్ గృహ రక్ష’ మంటలు, వరదలు, భూకంపాల వంటి వాటికి. అలాంటి ప్రమాదం జరిగిన 7 రోజుల్లోపు దాని కారణంగా జరిగే దొంగతనం తప్ప, మామూలు తాళం పగలగొట్టే చోరీ అందులో రాదు. దానికి విడిగా పాలసీ తీసుకోవాలి. క్వార్టర్ రైల్వేది కాబట్టి మీరు బీమా చేయాల్సింది సామానుకే.

నగలకి ఫొటోలు తీసి, బిల్లులతో కలిపి ఇంకో చోట దాచుకోండి. 2023 ఏప్రిల్ తర్వాత కొన్న హాల్‌మార్క్ నగ మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే గుర్తింపు కోడ్, హెచ్‌యూఐడీ, ఉంటుంది, అదీ రాసి పెట్టుకోండి. దొంగ దొరికి సొత్తు కోర్టుకి చేరాక, ఇది మాదే అని చూపించడానికి అవే ఆధారం.

ఊళ్ళో ఉండగా ఎదురింటివాళ్ళు ఫోన్ చేసి తాళం పగిలుందని చెప్పారనుకోండి. ఎవరినీ లోపలికి వెళ్ళనివ్వద్దనండి. చుట్టుపక్కలవాళ్ళు జాలికొద్దీ చిందరవందరగా ఉన్న బట్టలు సర్దేస్తారు, నేల తుడిచేస్తారు. వేలిముద్రలు, అడుగుజాడలు దాంతోనే పోతాయి. క్వార్టర్ రైల్వేది కదా అని ఆర్‌పీఎఫ్ దగ్గరికి పరుగెత్తితే పొద్దు పోవడమే. వాళ్ళది రైల్వే ఆస్తి బాధ్యత. బండిలో, స్టేషన్లో పోతే రైల్వే పోలీసులు, అంటే జీఆర్‌పీ. ఇంట్లో పోతే టౌన్ థానా. బండి దొరికి మీరొచ్చేదాకా ఆగక్కర్లేదు కూడా. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. పలాసలోనే ఇవ్వొచ్చు, వాళ్ళు జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి ఖరగ్‌పూర్ పంపుతారు. ఆన్‌లైన్లో పంపితే 3 రోజుల్లోగా వెళ్ళి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి. బీమా కంపెనీ ముందుగా అడిగే కాగితం అదే.